దారులన్నీ మూసుకున్నాక పంపు తోసే నీళ్లు ఎటు పోవాలి?

బెంగళూరులో ఇల్లు వేడి చేసుకోవాల్సిన అవసరం రాదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి 13 నాటి 7.8 డిగ్రీలు. మామూలు చలికాలంలో తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఒక స్వెటరు, ఒక రగ్గు ఉంటే గడిచిపోతుంది. అందుకే ఇంటి మొత్తానికి ఒక బాయిలరు, గదికో రేడియేటరు ఉండే సెంట్రల్ హీటింగ్ ఇక్కడి తెలుగు కుటుంబాలకు పరిచయం లేని సంగతి. ఉద్యోగం మీద ఇంగ్లండో ఐర్లండో వెళ్లినప్పుడే అది మొదటిసారి ఎదురవుతుంది. అక్కడ అద్దె ఇంట్లో మొదటి చలికాలం గడిపేవాళ్లను కలవరపెట్టే విషయం ఒకటుంది. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ చడీచప్పుడూ ఉండదు. గదులన్నీ వెచ్చబడ్డాక మాత్రం రేడియేటర్ దగ్గర సన్నగా ఈల మొదలవుతుంది, బాయిలర్ లోపల నీళ్లు మరుగుతున్నట్టు గడగడమంటుంది. ఒక్కోసారి బాయిలరే ఎర్రదీపం వెలిగించి ఆగిపోతుంది.

పని ఎక్కువగా ఉన్నప్పుడు లేని ఇబ్బంది పని తగ్గాక ఎందుకు వస్తుంది? నీళ్లకు అడ్డదారి ఇచ్చే బైపాస్ వాల్వ్ పుట్టింది ఈ ప్రశ్నలోంచే. ఈ ప్రశ్న చలిదేశాలకే పరిమితం కాదు. వైట్‌ఫీల్డ్‌లోనో అవుటర్ రింగ్ రోడ్డు మీదో సెంట్రల్ ఏసీ ఉన్న ఆఫీసులో పనిచేసేవాళ్ల తల మీద, ఫాల్స్ సీలింగ్ వెనకాల, ఇదే చిక్కు చల్లనీళ్ల రూపంలో ఉంటుంది. పెద్ద అపార్ట్‌మెంట్ల టెర్రస్ మీద వేడినీళ్ల లైన్లలోనూ ఉంటుంది. ముందు అది పుట్టిన చోటు, అంటే రేడియేటర్ల ఇల్లు చూడాలి.

సెంట్రల్ హీటింగ్ మూసివున్న ఒక చక్రం. బాయిలర్ నీళ్లను వేడి చేస్తుంది, పంపు వాటిని ఫ్లో పైపులోకి తోస్తుంది. అవి రేడియేటర్లలో తిరిగి, గదికి వేడి ఇచ్చి, రిటర్న్ పైపులో మళ్లీ బాయిలర్‌కే వస్తాయి. కొత్త నీళ్లు రావు, ఉన్నవి పోవు. బాయిలర్ పుట్టించే వేడినంతా మోసుకెళ్లేది ఈ ప్రవాహమే. ప్రవాహం తగ్గితే వేడి బాయిలర్ దగ్గరే ఉండిపోతుంది.

పాత ఇళ్లలో ఇది పెద్ద సమస్య కాలేదు. రేడియేటర్ వాల్వులు చేత్తో తిప్పేవి. ఎవరో పనిగట్టుకుని మూస్తే తప్ప మూసుకునేవి కావు. బాయిలర్ల లోపల పోత ఇనుప దిమ్మ ఉండేది. అందులో నీళ్లూ ఎక్కువే, ఇనుమూ ఎక్కువే. మంట కాస్త ఎక్కువసేపు మండినా ఆ బరువు వేడిని తనలో దాచుకునేది. ఆ తర్వాత ఇంధనం పొదుపు చేయాలన్న ఆలోచనతో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి థర్మోస్టాటిక్ రేడియేటర్ వాల్వ్, పొట్టిగా టీఆర్‌వీ. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ సంస్థ స్థాపకుడు మాడ్స్ క్లౌసెన్ 1943లో దీన్ని రూపొందించాడు. దాని తలలో మైనం గానీ ద్రవం గానీ నింపిన చిన్న గుళిక ఉంటుంది. గది వెచ్చబడితే ఆ గుళిక వ్యాకోచించి ఒక సన్నని పిన్నును లోపలికి నొక్కుతుంది, నీళ్ల దారి మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. రెండో మార్పు బాయిలర్‌లో వచ్చింది. ఇనుప దిమ్మ స్థానంలో పల్చటి స్టీలు, అల్యూమినియం హీట్ ఎక్స్ఛేంజర్లు వచ్చాయి. వాటిలో ఒక్కసారికి పట్టే నీళ్లు చాలా తక్కువ.

ఈ రెండూ విడివిడిగా మంచివే. కలిసినప్పుడే చిక్కు. గదులు ఒక్కొక్కటే వెచ్చబడి టీఆర్‌వీలు ఒక్కొక్కటే మూసుకుంటూ పోతాయి, ప్రవాహం సన్నబడుతుంది. అటు బాయిలర్‌కేమో ప్రవాహం లేకుండా రెండు నిమిషాలు కూడా ఓర్చుకునే గుణం పోయింది.

లెక్క వేస్తే ఇది ఎంత త్వరగా ముదురుతుందో తెలుస్తుంది. 12 కిలోవాట్ల వేడిని మోయాలి, వెళ్లే నీళ్లకూ వచ్చే నీళ్లకూ 20 డిగ్రీల తేడా ఉండాలి అనుకుంటే, నిమిషానికి సుమారు 8.6 లీటర్లు తిరగాలి. ఇప్పుడు రేడియేటర్లన్నీ మూసుకుని బాత్రూములో తువ్వాళ్లు ఆరేసే రెయిలు ఒక్కటే మిగిలిందనుకుందాం. ప్రవాహం 2 లీటర్లకు పడింది. బాయిలర్ తన మంటను వీలైనంత తగ్గించుకుని 6 కిలోవాట్ల దగ్గర ఆగింది. అయినా ఆ 2 లీటర్లు ఒక్క చుట్టులో 43 డిగ్రీలు వేడెక్కాలి. 50 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చినవి 93 దగ్గర బయటికి పోతాయి. ఇది సగటు మాత్రమే. మంట తగిలే లోహపు గోడను ఆనుకున్న నీటిపొర అంతకన్నా వేడిగా ఉంటుంది. అక్కడ ఆవిరి బుడగలు పుట్టి, కాస్త ఎడంగా ఉన్న చల్లని నీళ్లలో పగిలిపోతుంటాయి. ఆ గడగడ అదే. లోపల సున్నం పేరుకుని ఉంటే ఇంకా ముందే మొదలవుతుంది. ఉష్ణోగ్రత హద్దు దాటగానే భద్రతా థర్మోస్టాట్ మంట ఆర్పేస్తుంది.

ఈల సంగతి వేరు, అది పంపు గుణం వల్ల వచ్చేది. ఈ పంపులు సెంట్రిఫ్యూగల్ రకం. ప్రవాహం తగ్గేకొద్దీ తోసే ఒత్తిడి పెరుగుతుంది. 6 మీటర్ల హెడ్, అంటే నీళ్లను అంత ఎత్తుకు తోయగలదు, అని రాసున్న పంపు ఆ 6 మీటర్లూ, ఒత్తిడి కొలత బార్‌లలో చెబితే సుమారు 0.6 బార్, చూపించేది దారి పూర్తిగా మూసుకున్నప్పుడే. పది రేడియేటర్లు తెరిచి ఉంటే ఒత్తిడి వాటి మధ్య పంచుకుపోతుంది. తొమ్మిది మూసుకుని పదోది సగం మూసుకున్నప్పుడు మొత్తం ఒత్తిడి ఆ సన్నని సందు మీద పడుతుంది. వాల్వుకు రెండు వైపులా ఒత్తిడి తేడా సుమారు 0.2 బార్ దాటి పెరుగుతున్నకొద్దీ టీఆర్‌వీ కూత పెట్టే అవకాశం పెరుగుతుంది. అర్ధరాత్రి పడకగదిలో వినిపించేది అదే.

దీనికి మొదట్లో దొరికిన పరిష్కారం ఒక రేడియేటర్‌ను టీఆర్‌వీ లేకుండా వదిలేయడం. సాధారణంగా బాత్రూములోది. అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి పంపుకి ఒక దారి మిగులుతుంది. చవకైన ఉపాయమే గానీ దాని బలం ఇంట్లోవాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. ఏ అద్దెదారో బాత్రూము మరీ ఉడికిపోతోందని దాన్ని చేత్తో మూసేస్తే కథ మొదటికొస్తుంది. ఆ వాల్వు ఎందుకు తెరిచి ఉంచారో అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

రెండోది ఫ్లో పైపుకీ రిటర్న్ పైపుకీ మధ్య అడ్డంగా ఒక చిన్న పైపు వేసి, దాని మీద గేట్ వాల్వు బిగించి, కొద్దిగా తెరిచి వదిలేయడం. బాయిలర్‌కు రక్షణ దొరికింది, నిజమే. కానీ ఆ గేట్ వాల్వుకు సమయం సందర్భం తెలియదు. తెల్లవారుజామున ఇల్లు గడ్డకట్టి, ప్రతి రేడియేటరూ వేడినీళ్ల కోసం ఎదురుచూస్తున్నప్పుడు కూడా వేడినీళ్లలో కొంత వాటా అడ్డదారిన వెనక్కి పోతూనే ఉంటుంది.

ఆటోమేటిక్ బైపాస్ వాల్వ్ ఈ లోపాన్ని తీర్చడానికి వచ్చింది. అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క అది. లోపల ఒక బిళ్ల, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు, ఆ స్ప్రింగు బిగువును మార్చే ప్లాస్టిక్ తల. తల మీద 0.1 నుంచి 0.5 దాకానో 0.6 దాకానో అంకెలుంటాయి. అవి బార్‌లలో ఒత్తిడి తేడాలు. ఫ్లో వైపు ఒత్తిడి రిటర్న్ వైపు కంటే ఆ అంకె మేరకు ఎక్కువైతే బిళ్ల లేస్తుంది, నీళ్లు అటునుంచి ఇటు దాటుకుంటాయి. తేడా తగ్గగానే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. కుక్కర్ మీది వెయిట్ పనిచేసే తీరుకు ఇది దగ్గర. కాకపోతే కుక్కర్ ఆవిరిని బయటికి వదిలేస్తుంది, ఇది బొట్టు కూడా బయటికి పోనివ్వదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అదే బాయిలర్ దగ్గర 3 బార్ అని రాసున్న ఎర్రటోపీ సేఫ్టీ వాల్వ్ కూడా ఉంటుంది. అది వ్యవస్థ మొత్తంలోని ఒత్తిడి హద్దు దాటితే నీళ్లను బయటికి వదిలేది. బైపాస్ వాల్వ్ చూసేది మొత్తం ఒత్తిడిని కాదు, రెండు పైపుల మధ్య తేడాను. వ్యవస్థలో 1 బార్ ఉన్నా 2 బార్ ఉన్నా దానికి పట్టదు. గేజిలో ఒత్తిడి పడిపోయిందని బైపాస్ తల తిప్పడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు, ఉన్న సెట్టింగు చెడడం తప్ప.

బిగించే చోటుకు కొన్ని నియమాలున్నాయి. పంపు తర్వాత, ఇంట్లో ఒక్కో భాగానికి నీళ్లు వదిలే, ఆపే జోన్ వాల్వులకు ముందు ఉండాలి. ఒంటి మీద ఉన్న బాణం గుర్తు ఫ్లో నుంచి రిటర్న్ వైపు చూడాలి. తిరగేసి బిగిస్తే అది ఎప్పటికీ తెరుచుకోదు. బాయిలర్‌కు మరీ దగ్గరగా పెడితే ఇంకో నష్టం. చక్రం చిన్నదై, అదే గుక్కెడు నీళ్లు గిర్రున తిరిగి వచ్చి, బాయిలర్ నిమిషానికోసారి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. కాస్త దూరంగా ఉంటే మధ్యలో పైపుల్లోని నీళ్లు వేడిని పీల్చుకుంటాయి.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. అసలు పట్టించుకోవాల్సింది సెట్టింగు. బైపాస్ ఉందా లేదా అన్నదానికంటే ఎంత దగ్గర తెరుచుకుంటోంది అన్నదే ముఖ్యం, ఆచరణలో నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. పొదుపు కోసం వచ్చిన టీఆర్‌వీల వల్ల బైపాస్ అవసరమైంది. ఆ బైపాస్‌ను సరిగా సెట్ చేయకపోతే ఆ పొదుపునే అది మింగేస్తుంది.

ఎలాగంటే, ఇంగ్లండ్‌లో 2005 ఏప్రిల్ నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు, కొద్ది మినహాయింపులతో, కండెన్సింగ్ రకంవే ఉండాలి. సహజవాయువు మండినప్పుడు పొగలో నీటి ఆవిరి కూడా ఉంటుంది. తిరిగి వచ్చే నీళ్లు తగినంత చల్లగా ఉంటే ఆ ఆవిరి హీట్ ఎక్స్ఛేంజర్ మీద నీళ్లుగా మారి, తనలోని వేడిని వదిలిపెడుతుంది. పాత బాయిలర్లలో ఆ వేడి చిమ్నీ దారిన పోయేది. దీనికి హద్దు సుమారు 55 డిగ్రీలు. రిటర్న్ అంతకన్నా ఎంత తక్కువగా ఉంటే అంత లాభం. ఇప్పుడు రేడియేటర్ల నుంచి నిమిషానికి 6 లీటర్లు 50 డిగ్రీల దగ్గర తిరిగి వస్తున్నాయనుకుందాం. బైపాస్ మరీ వదులుగా ఉండి, 70 డిగ్రీల నీళ్లను మరో 3 లీటర్లు నేరుగా అందులో కలుపుతోంది. కలిసిన నీళ్లు 56.7 డిగ్రీలకు చేరతాయి. హద్దు దాటిపోయింది. రేడియేటర్లు వేడిగానే ఉంటాయి, ఇల్లు వెచ్చగానే ఉంటుంది, ఎవరికీ తేడా కనిపించదు. ఆవిరిలోని వేడి మాత్రం మళ్లీ పొగగొట్టం దారి పట్టింది. నెలాఖరు బిల్లులో దానికి విడిగా ఒక వరుస ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి అలాగే సాగిపోతుంది. ఏ చప్పుడూ చేయని ఈ నష్టం ఈలకన్నా, గడగడకన్నా పెద్దది.

సెట్ చేసే పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక కావాలి అంతే. ముందు బైపాస్ తలను అత్యధిక అంకె మీద పెట్టి, టీఆర్‌వీలన్నీ పూర్తిగా తెరిచి, బాయిలర్ నడపాలి. బైపాస్ దాటాక ఉండే చిన్న పైపు ముక్క ఈ దశలో చల్లగా ఉండాలి. అది నీళ్లు పోవడం లేదనడానికి రుజువు. తర్వాత టీఆర్‌వీలను ఒక్కొక్కటే మూస్తూ పోవాలి. ఈల వినిపించే చోటో, బాయిలర్ తయారీదారు చెప్పిన కనీస ప్రవాహం కంటే తగ్గే చోటో ఆగి, అంకెను మెల్లగా దించాలి. ఆ చిన్న పైపు వెచ్చబడటం మొదలైతే వాల్వు తెరుచుకున్నట్టు. చివరికి టీఆర్‌వీలన్నీ మళ్లీ తెరిచి, ఆ పైపు తిరిగి చల్లబడుతోందో లేదో చూడాలి. చల్లబడకపోతే సెట్టింగు ఇంకా వదులుగా ఉంది. నీళ్లు 70 డిగ్రీలుండే పైపులు కాబట్టి చేతులు పెట్టి చూడటం కంటే పైపుకు తగిలించే థర్మామీటరు మేలు. ఎక్కువ ఇళ్లలో 0.2 బార్ దగ్గర మొదలుపెట్టి సవరించుకుంటారు. పంపు వేగం మారిస్తే ఈ పనంతా మళ్లీ చేయాలి. పంపు వేగం ఒకరు, బైపాస్ ఒకరు, వేర్వేరు రోజుల్లో తిప్పితే రెండూ తప్పుతాయి.

పంపు ఓవర్‌రన్ కూడా బైపాస్‌ను కోరే సందర్భమే. మంట ఆరిపోయాక కూడా లోహంలో మిగిలిన వేడిని తీసేయడానికి బాయిలర్ తన పంపును మరికొన్ని నిమిషాలు నడుపుతుంది. గదులకొకటి, వేడినీళ్ల సిలిండర్‌కొకటి విడిగా మోటారు వాల్వులుండే ఎస్-ప్లాన్ ఇళ్లలో, మంట ఆరిన క్షణానే ఆ రెండు వాల్వులూ మూసుకుంటాయి. పంపు నడుస్తోంది, దారి లేదు. అక్కడ బైపాస్ లేకపోతే ఓవర్‌రన్‌కు అర్థమే లేదు. మూడు నోళ్ల వాల్వు ఒక్కటే ఉండే వై-ప్లాన్‌లో ఏదో ఒక నోరు తెరిచే ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. కొన్ని బాయిలర్లలో బైపాస్ లోపలే ఉంటుంది. అది బాయిలర్‌ను కాపాడుతుంది, పడకగది ఈల సంగతి మాత్రం దాని పరిధిలోది కాదు.

బైపాస్ ఉంది కదా అని బాయిలర్‌ను ఆపే ఏర్పాటు మానేయకూడదు. గదులన్నీ వెచ్చబడ్డాక బాయిలర్‌కు ఆగమని చెప్పే థర్మోస్టాట్ లేకపోతే, అది రాత్రంతా ఆ చిన్న చక్రాన్నే వేడి చేసుకుంటూ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఇంగ్లండ్ భవన నిబంధనల మార్గదర్శకాలు అడిగేది కూడా ఈ రెండూ కలిపే: బాయిలర్ తయారీదారు బైపాస్ అవసరమని చెబితే అది ఆటోమేటిక్ రకంది కావాలి, వేడి అవసరం లేనప్పుడు బాయిలరూ పంపూ ఆగాలి.

ఈమధ్య పంపులే తెలివైనవి వచ్చాయి. ప్రవాహం తగ్గిందని గమనించి తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఇవి వచ్చాక బైపాస్ లెక్కలు మారాయి. ఒత్తిడిని కూడా ప్రవాహంతో పాటే తగ్గించే పద్ధతిలో పంపును పెడితే, టీఆర్‌వీలు మూసుకుంటున్నకొద్దీ రెండు పైపుల మధ్య తేడా పెరగడానికి బదులు తగ్గుతుంది. అప్పుడు 0.3 దగ్గర పెట్టిన బైపాస్ ఎన్నటికీ తెరుచుకోదు. ఈల పోతుంది, కానీ బాయిలర్‌కు కావాల్సిన కనీస ప్రవాహం కూడా పోతుంది. ఒత్తిడిని ఒకేచోట నిలిపే పద్ధతిలో అయితే ఆ నిలిపిన అంకెకు బైపాస్‌ను జతపరచాలి. పంపు మార్చిన మేస్త్రీ బైపాస్ వంక చూడకుండా వెళ్లిపోతే వచ్చే ఇబ్బంది ఇదే. బాయిలర్‌కు బదులు బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే హీట్ పంపులకైతే వెళ్లే, వచ్చే నీళ్ల మధ్య తేడా 5 డిగ్రీలే ఉంచుతారు. అదే 12 కిలోవాట్లకు నిమిషానికి 34 లీటర్లు తిరగాలి. బాయిలర్ కోసం వేసిన సన్నని బైపాస్ పైపు అంత ప్రవాహానికి సరిపోదు.

ఇక బెంగళూరుకు వస్తే, పెద్ద టెక్ పార్కుల్లో చిల్లర్లు నీళ్లను 7 డిగ్రీల దాకా చల్లార్చి పంపుతాయి. అవి అంతస్తు అంతస్తుకీ ఉండే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లలో గాలిని చల్లబరిచి, 12 డిగ్రీల దగ్గర వెనక్కి వస్తాయి. రేడియేటర్ల ఇంటిని తలకిందులు చేస్తే ఇదే. పాత పద్ధతిలో ప్రతి యూనిట్ దగ్గరా మూడు నోళ్ల వాల్వు ఉండేది. చల్లదనం అక్కర్లేకపోతే నీళ్లు యూనిట్ పక్కనుంచి దాటిపోయేవి. పంపు మాత్రం రోజంతా పూర్తి ప్రవాహాన్ని తోస్తూనే ఉండాల్సి వచ్చేది. కరెంటు ఆదా కోసం వాటి స్థానంలో రెండు నోళ్ల వాల్వులు పెట్టారు. అవసరం లేకపోతే అవి మూసుకుంటాయి, పంపు వేగం తగ్గుతుంది. సాయంత్రం ఉద్యోగులు బస్సులెక్కి వెళ్లిపోయి అంతస్తులు ఖాళీ అవుతున్నకొద్దీ వాల్వులు వరసగా మూసుకుంటాయి. అప్పుడు చిల్లర్ లోపల ప్రవాహం కనీస హద్దు దాటి పడిపోతే, బాయిలర్‌లో ఆవిరి పుట్టిన చోటే ఇక్కడ మంచు పుట్టే ప్రమాదం ఉంటుంది. దాన్ని తప్పించేందుకే ఫ్లో స్విచ్ చిల్లర్‌ను ఆపేస్తుంది. చిల్లర్ ఆగకుండా ఉండటానికి ఒక బైపాస్ లైను ఉంటుంది. ఇక్కడ స్ప్రింగుకు బదులు సెన్సరు, మోటారు వాల్వు ఆ పని చేస్తాయి.

నష్టం లెక్క కూడా అద్దంలో చూసినట్టే సరిపోతుంది. 12 డిగ్రీల నీళ్లు ఆరు పాళ్లు వస్తుంటే, వదులైన బైపాస్ నుంచి 7 డిగ్రీల నీళ్లు మూడు పాళ్లు కలిస్తే, రిటర్న్ 10.3కు పడుతుంది. అంత చల్లని నీళ్లు వెనక్కి వస్తుంటే చిల్లర్ తన పూర్తి సామర్థ్యం చూపలేదు. పంపులు మాత్రం ఎక్కువ నీళ్లు తిప్పుతూ ఉంటాయి. పై అంతస్తులో ఏసీ చాలడం లేదని ఫిర్యాదు వస్తే ఇంకో చిల్లర్ ఆన్ చేస్తారు. ఆ పని చేసేముందు బైపాస్ వాల్వు నిజంగా మూసుకుంటోందో లేదో ఒకసారి చూడటం న్యాయం. స్క్రీన్ మీద మూసుకుంది అని కనిపించేది మోటారుకు వెళ్లిన ఆజ్ఞ మాత్రమే కావచ్చు. పైపు మీద థర్మామీటరు పెడితే అసలు సంగతి తేలుతుంది.

ఇళ్లలోకి వస్తే సంగతి కాస్త వేరు. టెర్రస్ మీద సోలార్ లేదా హీట్ పంపుతో ఉమ్మడి వేడినీళ్లు ఇచ్చే అపార్ట్‌మెంట్లలో, నీళ్లు పైపులోనే చల్లారిపోకుండా ఒక రిటర్న్ లైను, చిన్న సర్క్యులేషన్ పంపు పెడతారు. వేడినీళ్లు కిందికి వెళ్లి, వాడకం లేకపోతే తిరిగి పైకి వస్తూ ఉంటాయి. ఇలాంటి చోట టెర్రస్ మీదే ఫ్లో, రిటర్న్ లైన్లను కలిపే చేతి వాల్వు ఒకటి తెరిచి ఉండిపోయిందనుకుందాం. వేడినీళ్లు అక్కడికక్కడే తిరిగి వస్తాయి. రిటర్న్ థర్మామీటరు 55 చూపిస్తుంది. అది చూసి కంట్రోలర్ అంతా బాగుందనుకుని పంపు ఆపేస్తుంది. రెండో అంతస్తు ఇంట్లో మాత్రం షవర్ తిప్పితే చన్నీళ్లే. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లుండే 25 మీటర్ల పైపులో దాదాపు 8 లీటర్లు పడతాయి. వేడి వచ్చేదాకా అవన్నీ మోరీ పాలు. అవి ఎక్కడి నీళ్లో తెలిసిందే: కావేరి నుంచి సుమారు 100 కిలోమీటర్లు, దాదాపు 500 మీటర్ల ఎత్తు పంపు చేసి తెచ్చినవి, లేదా ట్యాంకరుకు డబ్బిచ్చి కొన్నవి. 2024 మార్చి ఎద్దడిలో జలమండలి అపార్ట్‌మెంట్లకూ వాణిజ్య సముదాయాలకూ నీటి ధార తగ్గించేందుకు కుళాయి మూతికి బిగించే ఏరేటర్లు తప్పనిసరి చేసింది. ఏరేటర్ పెట్టిన కుళాయిలో కూడా, వేడినీళ్ల కోసం వదిలేసే ఆ 8 లీటర్లు అంతే పోతాయి, కాస్త ఎక్కువసేపు పడుతుంది అంతే. టెర్రస్ మీద ఆ వాల్వు మూసి, రిటర్న్ లైన్లన్నిటికీ నీళ్లు సమంగా పోయేలా బ్యాలెన్స్ చేస్తేనే అవి మిగులుతాయి.

ఇదే అపార్ట్‌మెంట్లలో బైపాస్ అనే పేరుతోనే ఇంకో రకం కూడా ఉంటుంది. దాన్ని దీనితో కలపకూడదు. ప్రెషర్ తగ్గించే వాల్వు, అంటే పీఆర్‌వీ, చుట్టూ తిరిగి వెళ్లే పైపు అది. వాటర్ సాఫ్టెనర్ చుట్టూ కూడా అలాంటిదే ఉంటుంది. వీటి పని ఒక్కటే: మధ్యలోని పరికరం విప్పి బాగుచేస్తున్నంతసేపు నీళ్లు ఆగకుండా చూడటం. మిగతా రోజుల్లో ఇవి గట్టిగా మూసి ఉండాలి. పదిహేను అంతస్తుల భవనంలో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేల అంతస్తుకు 45 మీటర్ల ఎత్తు ఉంటే అక్కడి ఒత్తిడి 4.4 బార్. పీఆర్‌వీ దాన్ని రెండు మూడు బార్లకు దించాలి. బాగుచేసి వెళ్లిన ప్లంబర్ బైపాస్ వాల్వును సగం తెరిచి మరచిపోతే, పగలు వాడకం ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేశాక ఒత్తిడి మెల్లగా 4.4కు ఎక్కి, కింది అంతస్తుల్లో హెల్త్ ఫాసెట్ గొట్టమో, గీజర్‌కు బిగించిన ఫ్లెక్సిబుల్ పైపో తెల్లారేసరికి పగిలి ఉంటుంది. కింది అంతస్తుల్లో అలాంటి గొట్టాలు తరచూ పగులుతుంటే నాసిరకం సరుకని తిట్టుకునేముందు పీఆర్‌వీ దాటాక ఉన్న గేజిని రాత్రిపూట ఒకసారి చూడాలి. పగలు చూస్తే సరిపోదు.

ఈ సర్వీసు బైపాస్‌లకు హ్యాండిల్ తీసి ఆఫీసులో ఉంచుకోవడం, వాల్వుకు మూసి ఉండాలి అని కన్నడంలో, తెలుగులో, హిందీలో రాసిన చీటీ కట్టడం సులువైన జాగ్రత్త. మెయింటెనెన్స్ సిబ్బంది మారుతుంటారు, ఎవరు ఏ భాష చదువుతారో చెప్పలేం. ఒత్తిడి తేడాతో తెరుచుకునే అసలు బైపాస్‌కైతే సెట్ చేసిన అంకె, ఆ రోజు పంపు ఉన్న వేగం, తేదీ, ఈ మూడూ ఆ పైపు మీదే రాసి ఉండాలి. రిజిస్టరులో రాస్తే ఆ రిజిస్టరు ఎక్కడుందో వెతకాల్సి వస్తుంది.